ఆటబొమ్మల చరిత్ర – 11వ భాగం: ప్రాణం వెతుక్కున్న యంత్రాలు

2007 జులైలో అమెరికాలో విడుదలైన 'ట్రాన్స్‌ఫార్మర్స్' సినిమాను, ఆ పేరు అంతకుముందు ఎన్నడూ విననివాళ్లు చూశారనుకుందాం. వాళ్లకు మూడు సందేహాలు వచ్చి తీరతాయి. ఎక్కడో వేరే గ్రహం మీద పుట్టిన మహాయంత్రాలు భూమికి వచ్చి అమెరికా రోడ్ల మీది కార్లుగా, లారీలుగా మారడమెందుకు? ఆటోబాట్లు మంచివాళ్లు, డిసెప్టికాన్లు చెడ్డవాళ్లు సరే, వాళ్ల పగకు మూలమేమిటి? యంత్రాల యుద్ధం చూడ్డానికి టికెట్టు కొన్నవాడికి గంటసేపు ఒక కుర్రవాడి కళ్లజోడు గొడవ దేనికి? చిన్నప్పటి నుంచీ ఈ బొమ్మలతో ఆడినవాళ్లకు ఇవి సందేహాలుగానే తోచవు. అలవాటైన ఇంట్లో దూలం అడ్డంగా ఉన్నా తల దానంతట అదే వంగుతుంది. కొత్తగా వచ్చినవాడి నుదురే కొట్టుకుంటుంది. అందుకే ఈ వారం కొత్తవాడి పక్షాన నిలబడి చూద్దాం. అతని ప్రశ్నలకు జవాబులు కథలో వెతికితే దొరకవు, బొమ్మల వ్యాపారం లెక్కల్లో దొరుకుతాయన్నది నా వాదన. అయితే అంతమాత్రాన ఈ కథను కొట్టిపారెయ్యలేమన్నది దానికి రెండో సగం.

ముందు సినిమా సంగతి. సైబర్‌ట్రాన్ అనే లోహగ్రహం అంతర్యుద్ధంలో నాశనమైంది. ఏ యంత్రానికైనా ప్రాణం పొయ్యగల 'ఆల్‌స్పార్క్' అనే దిమ్మ అంతరిక్షంలో కొట్టుకుపోయి భూమ్మీద పడింది. దాని కోసం వచ్చిన దుష్టనాయకుడు మెగాట్రాన్ ఉత్తర ధ్రువం దగ్గర మంచులో గడ్డకట్టుకుపోయాడు. అతణ్ణి చూసిన ఓ నావికుడి కళ్లజోడు మీద ఆ దిమ్మ ఉన్నచోటి ఆనవాళ్లు అచ్చుపడ్డాయి. ఆ నావికుడి వంశంలోని సామ్ అనే కుర్రవాడు పాత కారు కొనుక్కోవడానికి డబ్బు కోసం ఆ కళ్లజోడును ఈబేలో అమ్మకానికి పెట్టాడు. ఒక గ్రహం భవిష్యత్తు అంతా పాత సామాన్ల బేరం మీద ఆధారపడిందన్నమాట! మహావీరుడు ఆప్టిమస్ ప్రైమ్ తెర మీదికి రావడానికి దాదాపు గంట పడుతుంది. మెగాట్రాన్ ఐతే హూవర్ డ్యామ్ కింద రహస్య గిడ్డంగిలో చలికి బిగుసుకుని, చివరి ఘట్టానికి గానీ లేవడు. రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాల సినిమాలో నాయక ప్రతినాయకుల్ని ఇంతసేపు దాచిపెట్టిన కథకుడు ఏ ధైర్యంతో ఆ పని చేశాడు? వాళ్లెవరో చూసేవాడికి ముందే తెలుసన్న ధైర్యంతో. ఆ ధైర్యం అతనికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 'జి.ఐ. జో' అనే సైనికుడి బొమ్మను తెచ్చింది. మగపిల్లలు ఆడుకునేదాన్ని బొమ్మ అనకూడదని 'యాక్షన్ ఫిగర్' అనే మాట పుట్టించిందీ దీనికోసమే. జపాన్‌లోని టకారా కంపెనీ ఆ సైనికుడి హక్కులు తీసుకుని తమ దేశంలో అమ్మింది. 1972లో అదే శరీరానికి పారదర్శకమైన ప్లాస్టిక్ తొడిగి, లోపల మెరిసే యంత్రభాగాలు కనిపించేలా చేసి, సైబోర్గ్ అని పేరు పెట్టింది. 1974లో ఆ సైబోర్గ్‌ను అరచేతిలో పట్టేంతకు కుదించి 'మైక్రోమాన్' చేసింది. చమురు ధర పెరిగి ప్లాస్టిక్ ప్రియమైన రోజులవి. మైక్రోమాన్ వరసకు తోడుగా 1980లో 'డయాక్లోన్' వచ్చింది, రెండేళ్లకు అందులో నిజమైన కార్ల నమూనాలు మరమనుషులుగా విప్పుకునే బొమ్మలు చేరాయి. 1983లో మైక్రోమాన్ శాఖలోనే 'మైక్రో ఛేంజ్' అని మరో రకం వచ్చింది: టేప్ రికార్డరు, కెమెరా, పిస్తోలు లాంటి ఇంటి వస్తువులే మరమనుషులవుతాయి. ఆ ఏడాది టోక్యో బొమ్మల ప్రదర్శనలో హాస్‌బ్రో మనుషులు వీటిని చూసి హక్కులు కొన్నారు. అంటే పంతొమ్మిదేళ్ల కింద తాము పుట్టించిన సైనికుడే సముద్రం అవతల పలు జన్మలెత్తి, కారు రూపంలో తిరిగొస్తే, గుర్తుపట్టకుండా డబ్బిచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నారు.

తెచ్చుకున్న వస్తువులో ఒక లోటుంది. జపాన్ బొమ్మల్లో యంత్రానికి ప్రాణం లేదు. డయాక్లోన్ కారు లోపల, కాళ్ల కింద అయస్కాంతాలున్న చిట్టి మనిషి కూర్చుని దాన్ని నడుపుతాడు. వీరుడు అతనే, యంత్రం వాహనం మాత్రమే. హాస్‌బ్రో ఆ చిట్టి మనుషుల్ని పెట్టెలోంచి తీసేసింది. నడిపేవాడు పోయాక కారు తనంతట తానే నడవాలిగా! అలా యంత్రానికి మనసు అవసరమైంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటాం. ఇక్కడ వ్యవహారం తలకిందులు: కొడుకు పుట్టి, బజార్లో తిరుగుతున్నాక పేరు కోసం, గోత్రం కోసం వెతికారు. ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పగించారు. సంపాదకుడు జిమ్ షూటర్ కొద్ది పేజీల్లో సైబర్‌ట్రాన్ చరిత్ర అల్లాడు. ఆప్టిమస్ ప్రైమ్ అన్న పేరు డెన్నిస్ ఓనీల్ ఇచ్చాడు. మిగతా పేర్లలో చాలాభాగం, స్వభావాలు దాదాపు అన్నీ బాబ్ బుడియాన్‌స్కీ కలంలోంచి వచ్చాయి. మెగాట్రాన్ అన్న పేరు వినగానే అణుబాంబుల మెగాటన్ గుర్తొచ్చి భయమేస్తోందని హాస్‌బ్రో నసిగితే, దుర్మార్గుల నాయకుడి పేరు భయపెట్టకపోతే ఎలా అని ఆయన ఒప్పించాడట.

కొత్తవాడి మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఇక్కడే ఉంది. గ్రహాంతర జీవులు కార్లుగా మారడం కాదు జరిగింది. కార్లే గ్రహాంతర జీవులుగా మారాయి. అచ్చులు అప్పటికే తయారై ఉన్నాయి. అచ్చు కారుది అయినప్పుడు, కారు ఎందుకయ్యాడో చెప్పే కథే కావాలి, 'మారువేషం' అన్న సాకు దొరికింది. పగకు మూలం కూడా అంతే. 1984 నాటి వరస చూడండి: నేలమీద తిరిగే కార్లు, ట్రక్కులు ఆటోబాట్లు, యుద్ధ విమానాలు, పిస్తోలు, టేప్ రికార్డరు డిసెప్టికాన్లు. రెండు జాతుల మధ్య గీత గీసింది చరిత్ర కాదు, వస్తువుల జాబితా. మెగాట్రాన్ పిస్తోలు అచ్చులో పుట్టినవాడు గనక, కార్టూన్‌లో మహానియంత ఒక్కసారిగా చిన్నదైపోయి తన అనుచరుడి చేతిలో తుపాకిగా ఒదగాల్సి వచ్చేది. ఎప్పుడెప్పుడు నాయకుణ్ణి దించుదామా అని చూసే స్టార్‌స్క్రీమ్ చేతిలో కూడా! ఏ రచయితా బుద్ధిపూర్వకంగా రాయని ఈ దృశ్యం బొమ్మ బలవంతాన పుట్టింది, అయినా ఎంత రుచిగా ఉందో చూడండి. 2007 సినిమా అతణ్ణి గ్రహాంతర విమానంగా మార్చి సమంజసం చేసింది. సమంజసమైన కొద్దీ ఆ వినోదం పోయింది.

కథ అల్లడం ఒక ఎత్తు, దాన్ని ఇంటింటికీ చేర్చడం ఇంకో ఎత్తు. అమెరికాలో దానికి అప్పటిదాకా అడ్డుండేది. 1969లో 'హాట్ వీల్స్' అనే బొమ్మకార్ల పేరుతో ఒక టీవీ కార్టూన్ వస్తే, పోటీ బొమ్మల కంపెనీ ఫిర్యాదు చేసింది. ప్రసారాలను నియంత్రించే ఎఫ్.సి.సి. ఆ కార్యక్రమంలో కొంతభాగాన్ని ప్రకటన సమయంగా లెక్కకట్టమంది. అరగంట బొమ్మకథ వేసి అది అరగంట ప్రకటన కాదని బుకాయించడం కుదరదన్నమాట. 1981లో రేగన్ నియమించిన మార్క్ ఫౌలర్ ఎఫ్.సి.సి. అధ్యక్షుడయ్యాక గాలి మారింది. టీవీ కూడా రొట్టెలు కాల్చే యంత్రం లాంటి మరో ఇంటి సామానే, కాకపోతే అందులో దృశ్యాలు కనిపిస్తాయి అన్నది ఆయన ధోరణి. ఇంటి సామానుకు నీతినియమాలేమిటి? 1983 సెప్టెంబరులో మాటెల్ కంపెనీ బొమ్మల ఆధారంగా 'హీ-మాన్' మొదలైంది. 1984లో ప్రకటనల నిడివి మీది మార్గదర్శకాలను ఎఫ్.సి.సి. ఎత్తేసింది. ఆ సెప్టెంబరు 17న ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ టీవీకెక్కింది. పిల్లల టీవీ కోసం పోరాడిన పెగ్గీ చారెన్, ఆమె సంస్థ ఎంత మొత్తుకున్నా 1990 దాకా చట్టం రాలేదు. వచ్చిన చట్టం పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలను పనిదినాల్లో గంటకు 12 నిమిషాలకు, వారాంతాల్లో పదిన్నర నిమిషాలకు కుదించింది గానీ, బొమ్మ పేరుతో కథ చెప్పడాన్ని ఆపలేదు. ఒక కార్టూన్ నడుస్తుండగా మధ్యలో అదే బొమ్మ ప్రకటన వెయ్యకూడదన్నంతవరకే పట్టు బిగించారు.

ఇంతవరకూ చదివినవారు, అయితే ఇదంతా ప్రకటనే కదా, చరిత్ర రాయాల్సిన కథ ఏముంది అనవచ్చు. ఇంకొకరు అటువైపు నుంచి వచ్చి, బొమ్మకు కథ అల్లితే తప్పేమిటి, మన బొమ్మల కొలువులో మాత్రం దేవుళ్లంతా బొమ్మలు కాదా అనవచ్చు. రెండో అభ్యంతరానికి జవాబు సులువు. కొలువులో దశావతారాల వరస పెట్టే ఇంట్లో ఆ కథలు బొమ్మకన్నా ముందే ఉన్నాయి. కొండపల్లిలో ఎవరూ చెక్క చెక్కేసి, మిగిలిపోయిన సరుకు అమ్ముడుపోవడానికి నరసింహావతారాన్ని కల్పించలేదు. 1977లో 'స్టార్ వార్స్' ఆడినప్పుడు కూడా సినిమా ముందు, బొమ్మ తర్వాత. బొమ్మలు సమయానికి తయారు కాక, కెన్నర్ కంపెనీ ఆ క్రిస్మస్‌కు ఖాళీ అట్టపెట్టెలో రశీదు పెట్టి అమ్మింది, తర్వాత పంపుతామని. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో ఈ వరస తిరగబడింది, ఆ తేడా చిన్నది కాదు. కథ ముందున్నప్పుడు బొమ్మ ఎవరిదన్నా కావచ్చు, ఎవరు చేసినా రాముడు రాముడే. బొమ్మ ముందున్నప్పుడు కథ యజమాని చెప్పుచేతల్లో ఉంటుంది. యజమాని గిడ్డంగి ఖాళీ చెయ్యాలనుకున్న రోజున వీరుడు చచ్చిపోవాలి.

ఇది మాటవరసకు అన్నది కాదు. 1986 ఆగస్టులో థియేటర్లకు వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ యానిమేషన్ సినిమాలో జరిగింది సరిగ్గా ఇదే. 1984 నాటి బొమ్మలు పాతబడ్డాయి, కొత్త వరస దుకాణాల్లోకి రావాలి. పాతవాళ్లను తెర మీద వరసపెట్టి చంపేశారు. వాళ్లలో ఆప్టిమస్ ప్రైమ్ కూడా ఉన్నాడు. మంచం మీద, చుట్టూ స్నేహితులుండగా, మెల్లగా రంగు వెలిసిపోయి బూడిద రంగుకు తిరిగి పోయాడు. గ్రహాలను మింగే యూనిక్రాన్‌కు గొంతిచ్చిన ఆర్సన్ వెల్స్‌కు అదే ఆఖరి పాత్ర, ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆయనా లేరు. పెద్దలు ఇదొక సరుకు మార్పిడి అనుకున్నారు. పిల్లలు థియేటర్లో ఏడ్చారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. కంపెనీ ఎంత కంగారుపడిందంటే, అప్పటికే తయారవుతున్న జి.ఐ. జో సినిమాలో చనిపోవాల్సిన డ్యూక్ అనే పాత్ర స్పృహ తప్పాడని, తర్వాత కోలుకున్నాడని మాటలు అతికించారు. 1987లో కార్టూన్‌లో ప్రైమ్‌ను బతికించారు. మొదటి అభ్యంతరానికి నా జవాబు ఈ ఏడుపులో ఉంది. ప్రకటన కోరిక పుట్టించగలదు, వస్తువు కొనిపించగలదు. శోకం పుట్టించలేదు. బొమ్మ పెట్టె వెనక ఎనిమిది అంశాల్లో బలం, తెలివి, ధైర్యం వగైరా గీతలు వేసి, ఎర్ర ప్లాస్టిక్ ముక్క పెట్టి చూస్తేగానీ కనిపించకుండా అచ్చేసి, బుడియాన్‌స్కీ నాలుగు వాక్యాల్లో రాసిన స్వభావం ఉందే, దాన్ని పిల్లలు నిజమని పట్టుకున్నారు. ప్రాణం పోసినవాళ్లకు తాము ప్రాణం పోశామని తెలియలేదు, తీసినప్పుడు తెలిసింది.

దీని వెనక మరో మనిషి ఉన్నాడు, పీటర్ కల్లెన్. ఆప్టిమస్ ప్రైమ్ గొంతు ఆయనది. ఆ పాత్ర పరీక్షకు వెళ్లేముందు, వియత్నాం యుద్ధంలో పనిచేసిన తన అన్నతో మాట్లాడాడు. వీరుడంటే అరవడం కాదు, మెత్తగా ఉండగలిగేంత బలం ఉండటం అన్న అర్థంలో అన్న చెప్పిన మాటను పట్టుకుని, అన్న గొంతునే మనసులో పెట్టుకుని చదివాడు. లోహపు ముఖానికి కదిలే కనుబొమలు లేవు, నోటికి అడ్డంగా మూత ఉంది. ఉన్నదంతా గొంతే. 2007 సినిమాకు కొత్త గొంతు కోసం వెతికినా, అభిమానులు పట్టుబట్టడంతో మళ్లీ కల్లెన్‌నే పిలిచారు. డబ్బింగ్ కళాకారుడి విలువ తెలిసిన తెలుగు ప్రేక్షకుడికి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇక 2007 సినిమా పుట్టుక. నిర్మాత డాన్ మర్ఫీ మొదట తియ్యాలనుకున్నది జి.ఐ. జో సినిమా. 2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీద దాడి చేసింది. అలాంటి సమయంలో సైనికుడి బొమ్మ మీద సినిమా వద్దనుకుని, హాస్‌బ్రోయే ట్రాన్స్‌ఫార్మర్స్ తియ్యమని సూచించింది. 1964లో మొదలైన ఆ సైనికుడు ఇక్కడ మళ్లీ తగులుతున్నాడు. పక్కకు తప్పించాం అనుకున్నారు గానీ, సినిమా ఎక్కడ మొదలవుతుందో చూడండి: ఖతార్ ఎడారిలో అమెరికా సైనిక స్థావరం మీద. హెలికాప్టర్ వేషంలో వచ్చిన రాక్షసుడు దాన్ని చిత్తు చేస్తాడు. చిత్రీకరణకు అమెరికా రక్షణశాఖ సహకరించింది, నిజమైన ఎఫ్-22 విమానాలు తెరకెక్కాయి. ముందుద్వారం గుండా వద్దన్నవాడు పెరటి గుమ్మంలోంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మంచి యంత్రాల్లో జనరల్ మోటార్స్ తయారీ కార్లే ఎక్కువ. 1984లో పసుపుపచ్చ ఫోక్స్‌వాగన్ బీటిల్‌గా ఉన్న బంబుల్‌బీ షెవ్రొలే కమారో అయ్యాడు, అదీ 2009లో గానీ అమ్మకానికి రాని కొత్త నమూనా కమారో. హాస్‌బ్రో ఒక్కటే యజమానిగా ఉన్నప్పుడు కథ ఒక గిడ్డంగికి లోబడింది. ఇప్పుడు దానికి కార్ల కంపెనీ, సైన్యం కూడా తోడయ్యాయి.

మూడో ప్రశ్న మిగిలింది, ఆ కుర్రవాడి సంగతి. నిర్మాణ పర్యవేక్షకుడు స్పీల్‌బర్గ్ దీన్ని ఒక కుర్రవాడికీ అతని మొదటి కారుకూ మధ్య కథగా చూశాడు. బొమ్మల సినిమా అని మొదట చిన్నచూపు చూసిన దర్శకుడు మైకేల్ బే‌కు నచ్చింది కూడా ఆ ముక్కే. నా ఉద్దేశంలో ఇది చరిత్ర తిరిగి తెచ్చిన ముచ్చట. 1984లో హాస్‌బ్రో పెట్టెలోంచి తీసి పారేసిన డ్రైవరే ఇక్కడ మళ్లీ కారెక్కాడు. ఈసారి కారు అతణ్ణి నడుపుతుంది. సినిమాలో కొత్తవాడి మనసుకు అంటేది కూడా ఈ భాగమే. బంబుల్‌బీ గొంతు పోయిన ప్రాణి, రేడియోలో పాటల ముక్కలు ఏరుకుని మాట్లాడతాడు. మాట లేదు గనక చేష్టలు, సమయం అతనికి దక్కాయి. మిగతావాళ్లకు అవి లేవు. ఆప్టిమస్ ప్రైమ్‌ను కంప్యూటర్లో నిర్మించడానికి ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ 10,108 భాగాలు పేర్చింది. దృశ్య మాయకూ, రెండు శబ్ద విభాగాలకూ కలిపి మూడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. పనితనాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. పార కదిలినట్టు, గేరు పడినట్టు ప్రతి ముక్కా బరువుతో తిరిగి తన చోట కూర్చోవడం చూడముచ్చటే. కానీ పోరు మొదలైతే, ఎక్కువభాగం బూడిదరంగులో ఉన్న డిసెప్టికాన్లలో ఎవరు ఎవరో కొత్తవాడికి తెలియదు. పాత బొమ్మ మీద ఎర్ర ముద్ర మంచివాడిది, ఊదా ముద్ర చెడ్డవాడిది. నాలుగేళ్ల పిల్లవాడు గదికి అవతల నుంచి గుర్తుపట్టేవాడు.

సుమారు 15 కోట్ల డాలర్లతో తీసి, ప్రపంచవ్యాప్తంగా 70 కోట్లకు పైగా రాబట్టిన సినిమాను పట్టుకుని లోపాలు ఎంచడమేమిటని అనేవాళ్లుంటారు. పిల్లల సినిమాకు ఇంత తర్కమా అనీ అనవచ్చు. పిల్లల కొలతతోనే చూద్దాం, అది 1986లోనే వాళ్లు ఇచ్చిన కొలత. 2007 సినిమా చివరి పోరులో జాజ్ అనే ఆటోబాట్‌ను మెగాట్రాన్ రెండు చేతులతో పట్టి రెండు ముక్కలుగా చీల్చేస్తాడు. జాజ్ మొదటి ఏడాది బొమ్మల్లో ఒకడు, 1984 నుంచీ ఉన్నవాడు. యుద్ధం ముగిశాక ఆ రెండు ముక్కలను తెచ్చి ప్రైమ్ చేతుల్లో పెడతారు. మంచి సహచరుణ్ణి పోగొట్టుకున్నాం, కొత్త మిత్రుల్ని సంపాదించుకున్నాం అన్న ధోరణిలో ప్రైమ్ ఓ మాట అంటాడు, అదే కల్లెన్ గొంతుతో. కెమెరా సైనికుల వైపు తిరుగుతుంది. హాల్లో ఎవరూ ఏడ్వలేదు, హాస్‌బ్రోకు ఉత్తరాలూ వెల్లువెత్తలేదు. 2018లో 'బంబుల్‌బీ' అని విడిగా సినిమా తీసినప్పుడు దర్శకుడు ట్రావిస్ నైట్ కథను 1987కు జరిపి, యంత్రాల సంఖ్య తగ్గించి, నాయకుణ్ణి మళ్లీ పసుపు బీటిల్ చేశాడు. అది 2007 సినిమా అంత వసూలు చెయ్యలేదు.

(వచ్చే భాగంలో: ప్లాస్టిక్ ఇటుకలతో ఇళ్లు కట్టిన డెన్మార్క్ వడ్రంగి)